మాయలోని నెత్తురు: నెలలు నిండని బిడ్డను ఏ ఎత్తున ఉంచవలెను?

ప్రత్తిపాడు చుట్టుపట్ల మిరప తోటలకు మందు కొట్టువారు పీపాలోని నీటిని రబ్బరు గొట్టముతో బిందెలోనికి దించుట పలువురు చూచినదే. బిందె ఎంత దిగువన ఉండిన నీరు అంత చురుకుగా దిగును. గొట్టపు కొనను పైకెత్తిన కొలది ధార మందగించి, పీపాలోని నీటి మట్టమును చేరగానే నిలిచిపోవును. అప్పుడే పుట్టిన బిడ్డకును ఈ సూత్రము వర్తించునా? నెలలు నిండని బిడ్డ విషయమున ఈ ప్రశ్న ప్రాణముతో ముడిపడి ఉన్నది.

కడుపులో ఉన్నంత కాలము బిడ్డ నెత్తురులో కొంత భాగము బొడ్డుతాడు ద్వారా మాయలో తిరుగుచుండును. పుట్టిన తరువాత ఆ భాగము క్రమముగా బిడ్డను చేరును. వెంటనే తాడు బిగించినచో అది మాయలోనే మిగిలిపోవును. 24 నుండి 32 వారములకే పుట్టిన బిడ్డలను గూర్చి 2006లో ప్రకటింపబడిన పరిశోధనలో, 30 నుండి 90 సెకండ్లు ఆగి బిగించినపుడు కిలో బరువునకు సుమారు 12 మిల్లీలీటర్ల నెత్తురు అధికముగా ఉన్నట్లు తేలినది. చూచుటకు రెండు చెంచాలకు పైగా మాత్రమే. కాని ఆ బిడ్డకు ఉన్న నెత్తురులో అది ఇంచుమించు ఐదవ వంతు. పెద్దవారి లెక్కలో లీటరుకు చేరువ.

ఇక ఎత్తు సంగతి. 1969లో యావో, లిండ్ అను శాస్త్రజ్ఞులు నెలలు నిండిన బిడ్డలను వేరువేరు ఎత్తులలో ఉంచి చూచిరి. జన్మద్వారమునకు 10 సెంటీమీటర్లు పైనను, క్రిందను ఉంచినపుడు సుమారు 3 నిమిషములలో నెత్తురు పూర్తిగా చేరినది. 40 సెంటీమీటర్లు దించినపుడు అర నిమిషములోనే చేరినది. 50, 60 సెంటీమీటర్లు పైకెత్తినపుడు దాదాపు నిలిచిపోయినది.

2014లో అర్జెంటీనా వైద్యులు నెలలు నిండిన బిడ్డలను కొందరిని జన్మద్వారము మట్టమున, కొందరిని తల్లి పొట్టపైన ఉంచి, రెండు నిమిషముల తరువాత తూచిరి. పెరిగిన బరువు మొదటివారిలో 56 గ్రాములు, రెండవవారిలో 53 గ్రాములు. తేడా లెక్కించదగినది కాదు. కారణమేమి? బొడ్డుతాడు కేవలము గొట్టము కాదు. 20 సెంటీమీటర్ల ఎత్తు నెత్తురుపై కలిగించు ఒత్తిడి 15 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. గర్భాశయము గట్టిగా ముడుచుకొనునపుడు పుట్టు ఒత్తిడి దానికి కొన్ని రెట్లుండును. బిడ్డ శ్వాసయు నెత్తురును లోనికి లాగును.

కాబట్టి కొద్దిపాటి ఎత్తు మార్చునది చేరు నెత్తురు మొత్తమును కాదు, పట్టు కాలమును. నెలలు నిండిన బిడ్డ మూడు నిమిషములు ఆగగలదు. నెలలు నిండని బిడ్డకు తరచు దొరకునది 30 నుండి 60 సెకండ్లే. అందుచేతనే, 2017లో ఫలితములు వెలువడిన, 30 వారముల లోపు పుట్టిన 1,500 మందికి పైగా బిడ్డలపై జరిపిన పెద్ద పరీక్షలో బిడ్డను వీలైనంత దిగువన పట్టుకొనవలెనని నియమించిరి.

ఆగుట వలని మేలు చిన్నది కాదు. 20 పరీక్షలలోని 3,260 మంది బిడ్డల లెక్కలను కలిపి 2023లో చూచినపుడు, ఆసుపత్రి విడువక ముందే మరణించినవారు వెంటనే బిగించిన వర్గములో నూటికి 8.2, ఆగినవారిలో 6.0.

పాటింపవలసినవి కొన్ని కలవు. బిడ్డను జన్మద్వారము మట్టముననో, కొంచెము దిగువనో ఉంచవలెను. శస్త్రచికిత్స కానుపులో తల్లి తొడల మధ్య ఉంచవచ్చును. తల్లికి చూపుటకై పైకెత్తరాదు. తాడు పొట్టిదైన లాగరాదు. మిక్కిలి చిన్న బిడ్డను శుభ్రమైన పాలిథీను సంచిలో ఉంచి, తల కప్పి, వెచ్చగా కాపాడవలెను. వీపు నిమిరినను ఊపిరి తీయనిచో శ్వాస అందించుటయే ముందు పని. తొందరపడి తాడులోని నెత్తురును వ్రేళ్లతో పిండరాదు. 28 వారముల లోపు బిడ్డలలో దీనివలన మెదడులో రక్తస్రావము పెరిగినట్లు 2019లో వెల్లడియైనది.

ప్రత్తిపాడు వంటి ఊళ్లలో నెలలు నిండక ముందే నొప్పులు మొదలైన తల్లి 108 వాహనములో గుంటూరు ఆసుపత్రికి బయలుదేరినను, దారిలోనే కానుపు కావచ్చును. అపుడు నర్సమ్మ బొడ్డు కోయక క్షణకాలము ఆగినచో అది ఆలస్యము కాదనియు, బిడ్డ నెత్తురు బిడ్డకు చేరుచున్నదనియు ఇంటివారు గ్రహింపవలెను.