కల్వరి చర్చి: మద్యవిముక్తి యుద్యమమునకు పుట్టినిల్లు

న్యూయార్కు నగరమున పార్క్ అవెన్యూ సౌత్ 21వ వీధిని గలియు చోట కల్వరి ఎపిస్కోపల్ చర్చి కలదు. సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రలును నిర్మించిన జేమ్స్ రెన్విక్ అను వాస్తుశిల్పియే దీనిని నిర్మించెను. గ్రామర్సీ పార్కు చూడబోవు మనవారిలో పలువురు దాని రాతిగోడల ప్రక్కగా నడచిపోవుచుందురు గాని, లోకమంతట లెక్కలేనన్ని కుటుంబములను తాగుడుబారినుండి తప్పించిన యుద్యమమునకు ఈ సంఘమే పుట్టినిల్లని యెరిగినవారు తక్కువ. ఈ దేశమున స్థిరపడిన తెలుగు గృహములలో ఆ వ్యసనము లేకపోలేదు. పరువు పేరిట తలుపులు మూసి దాచుకొనుచున్నాము. కావుననే దీనిని గూర్చి మన సంచికలో వ్రాయవలసివచ్చినది.

1925లో శామ్యూల్ షూమేకర్ అను పాదిరి ఈ సంఘమునకు కాపరిగా వచ్చెను. మరుసటి సంవత్సరమున సంఘమువారు తూర్పు 23వ వీధిలో ఒక మిషను తెరచిరి. పని పోయి, ఇల్లు పోయి, వీధులపాలైన తాగుబోతులకు అచ్చట భోజనము, పడక లభించెడివి. ప్రార్థన సమయమున మనసు కరగినవారు లేచి పదిమంది యెదుట సాక్ష్యము చెప్పెడివారు. తాగుడును గర్హించిన సంఘములు మన దేశమునను కలవు. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు పల్లెలను పీడించు నాలుగు పిశాచములలో మురికి, రోగము, అప్పులతోబాటు తాగుడును లెక్కించి దానితో పోరాడిరి. షూమేకర్ సంఘమున విశేష మేమనగా, ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను క్రైస్తవ యుద్యమమువారి పద్ధతి ననుసరించి, వ్యసనపరుని దూరమునుండి మందలించుటకు మారుగా, అతనిచేత తన తప్పులను భగవంతుని యెదుటను మరియొక మనుష్యుని యెదుటను ఒప్పించి, తాను నష్టపరచినవారికి ఆ నష్టమును తీర్పించి, పిదప తనవంటి వేరొక యభాగ్యుని లేవనెత్తు పనిలో నియోగించుట. ఈ చివరి యంశమే తక్కినవానికెల్ల ప్రాణమని నా దృఢాభిప్రాయము.

1934 నవంబరులో, ఆ మిషను నాశ్రయించిన ఎబీ థాచర్ అను నతడు బ్రూక్లిన్‌లోని క్లింటన్ వీధిలో నుండు తన పూర్వమిత్రుడు బిల్ విల్సన్‌ను చూడబోయెను. విల్సన్ వంటింటి బల్లపై అనాసరసము కలిపిన జిన్ను సిద్ధముగా నుండెను. ఎబీ దానిని ముట్టక, తనకు దైవవిశ్వాసము కుదిరినదని చెప్పెను. తనతో సమానముగా తాగి చెడినవాని నోట ఆ మాట వినుటయే విల్సన్‌ను కలతపెట్టినది. కొలదికాలమునకు అతడును తూలుచు ఆ మిషనుకు వచ్చెను. డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చేరిన పిమ్మట, 1971లో మరణించువరకు మరల మద్యము ముట్టలేదు.

తరువాతి నెలలలో విల్సన్ మిషనులోను ఆసుపత్రిలోను ఎందరితోనో మాటాడెను. వారిలో నెవరును తేరుకొనలేదు; అతడు మాత్రము నిలిచెను. 1935 మే నెలలో వ్యాపారమున దెబ్బతిని, ఒహాయోలోని ఏక్రన్ పట్టణమున మేఫ్లవర్ హోటలు నడవలో ఒంటరిగా నిలిచియుండగా, ఒకవైపునుండి బారులోని సందడి వినవచ్చుచుండెను, మరియొకవైపున స్థానిక చర్చీల పట్టిక కానవచ్చుచుండెను. అతడు పట్టికవైపు నడచి, వాల్టర్ టంక్స్ అను పాదిరికి టెలిఫోను చేసెను. ఆ పిలుపు చేతులు మారి తుదకు రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుని చేరెను. పావుగంటకు మించి కూర్చుండనని వచ్చిన యా డాక్టరు రాత్రి పదునొకండు దాటువరకు లేవలేదు. ఆయన చివరిసారి తాగిన దినముగా నెంచబడు 1935 జూన్ 10వ తేదీయే ఆల్కహాలిక్స్ అనానిమస్ జన్మదినము.

వార్త తెచ్చిన ఎబీ మాత్రము కొలదియేండ్లకే మరల తాగుడులో పడి, పడుచు లేచుచు 1966 వరకు జీవించెను. అయినను విల్సన్ అతనినే తన మార్గదర్శకుడని కడవరకు చెప్పుకొనెను. ఒకసారి మాని మరల మొదలిడినవానిని "వీడింతే" యని వదలివేయు పెద్దలు మన యిండ్లలో నున్నారు. వారు ఎబీ కథ తప్పక వినవలెను.

1937లో న్యూయార్కు సభ్యులు ఆక్స్‌ఫర్డ్ గ్రూపునుండి విడివడిరి. 1939లో వెలువడిన తమ గ్రంథమున తమ పద్ధతిని పన్నెండు మెట్లుగా వ్రాసికొన్నప్పుడు, భగవంతుని ఎవరికి తోచిన రూపమున వారు భావించుకొనవచ్చునని చేర్చిరి. విశ్వాసములేనివాడు సైతము వాకిటినుండి మరలిపోరాదని వారి తలంపు. చర్చి ఒడిలో పుట్టిన యుద్యమము తనదేయని షూమేకర్ పట్టుపట్టలేదు. 1955లో సెయింట్ లూయిస్ నగరమున జరిగిన ఆ యుద్యమపు మహాసభలో అతిథిగా ప్రసంగించెను. వేంకటేశ్వరుని కొలుచువాడైనను, నమాజు చేయువాడైనను, ఏ దేవుని నమ్మనివాడైనను నేడు ఆ మెట్లు ఎక్కవచ్చును. పలు పట్టణములలో చర్చి నేలమాళిగలలోనే ఈ సమావేశములు జరుగుచున్నవి: వరుసగా మడతకుర్చీలు, మూలను కాఫీపాత్ర, చేతులు మారు చందాబుట్ట. ఇంటిపేరు ఎవరును అడుగరు. సభ్యత్వరుసుము లేదు, బుట్టలో పడిన సొమ్ముతోనే చర్చికి అద్దె చెల్లింతురు. మనవారికి భయమెల్ల "ఎవరైన చూచెదరేమో" యనియే గదా; అచ్చట చూచువాడును అదే బాధపడినవాడు.

ఇక ఇల్లాండ్ర మాట. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణము మూయించిరి. ఈ దేశమున సీసా కిరాణాసామానుతోనే ఇంటికి వచ్చును, మూయించుటకు దుకాణము లేదు. భర్త తాగుడు నేండ్లతరబడి భరించిన విల్సన్ భార్య లోయిస్ 1951లో అల్-అనాన్ అను కుటుంబసభ్యుల సంఘమును స్థాపించుటకు ముఖ్యకారకురాలయ్యెను. భర్త మానువరకు వేచియుండ నక్కరలేదు, అతడు రానన్నను భార్య గాని, తల్లి గాని ఆ సమావేశమునకు ఒంటరిగా పోవచ్చును.