అసలు ధర ఎంత పడింది? ఆంధ్రా బ్యాంకు షేరు, తక్కిన షేర్లు: కొన్ని విశేషాలు

కొత్తపట్నం తీరంలో రొయ్యల చెరువు వేసినా, ఒంగోలు పక్కన పొగాకు వేసినా, గుంటూరు వైపు మిర్చి అమ్మినా, మన జిల్లాల రైతు లెక్క ఒకటే: పెట్టిందెంత, చేతికొచ్చిందెంత? షేర్లనూ అలాగే కొలవాలి. బోనస్‌లు, విభజనలు, విలీనాలు అన్నీ అయ్యాక చేతిలో మిగిలిన ఒక్కో షేరుకు మొదట ఎంత పెట్టినట్టయిందో చూడాలి. అదే అసలు ధర. ఈ లెక్కల్లో డివిడెండ్లను కలపలేదు.

పేరు పోయిన మన బ్యాంకు
భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. 2001లో తొలిసారి షేరును 10 రూపాయలకు జనానికి అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. అంటే 2001లో కొన్నవారికి ఇప్పటి షేరు ఒక్కొక్కటి సుమారు 31 రూపాయలకు పడింది.

ఒకే షేరు, రెండు తలరాతలు
అదే ఆంధ్రా బ్యాంకు 2006లో మళ్లీ షేర్లు అమ్మింది. ఈసారి ధర 90 రూపాయలు. అప్పుడు కొన్నవారికి యూనియన్ బ్యాంకు షేరు దాదాపు 277 రూపాయలకు పడినట్టు. విలీనమయ్యాక తొలి ఐదేళ్లలో ఆ షేరు ఒక్కసారి కూడా 200 దాటలేదు. మంచి బ్యాంకైనా ఎంతకు కొన్నామన్నదే లాభనష్టాలను తేలుస్తుంది.

షేరు 50 పైసలు
1995లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 10 రూపాయలకు షేరు ఇచ్చింది. 2011లో విభజనతో ఒక షేరు ఐదైంది, 2019లో ఆ ఐదూ పదయ్యాయి, 2025 బోనస్‌తో ఇరవై అయ్యాయి. అసలు ధర 50 పైసలు. ఆ బోనస్ తర్వాత కూడా షేరు 900 పైన పలికింది.

ప్రభుత్వ బ్యాంకైనా...
స్టేట్ బ్యాంకు 1993 చివర్లో షేరును 100 రూపాయలకు అమ్మింది. 2014లో ఒక షేరును పదిగా విభజించింది. అసలు ధర 10 రూపాయలు. 2024లో షేరు 800 దాటింది. కాబట్టి ప్రభుత్వ బ్యాంకు షేర్లేవీ ఎదగవనుకోవడం పొరపాటు.

పూర్తిగా సున్నా
రమేష్ గెల్లి ఆధ్వర్యంలో 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు షేర్ల కోసం జనం ఎగబడ్డారు. 2004 జూలై 24న రిజర్వు బ్యాంకు సిఫారసుపై దాని మీద మారటోరియం (లావాదేవీలపై ఆంక్ష) పడింది. ఆగస్టులో ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము భద్రంగా కొత్త బ్యాంకుకు చేరింది. షేరుదారులకు మాత్రం ఒక్క షేరూ దక్కలేదు.

మోసం బయటపడ్డా మిగిలినది
2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు మోసాన్ని ఒప్పుకొంటూ రాసిన లేఖతో ఆ కంపెనీ షేరు ఒక్కరోజులో 78 శాతం దాకా పడి, 40 రూపాయల దగ్గర ముగిసింది. 2013లో విలీనంతో 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. 2015లో బోనస్, విభజనతో ఆ రెండూ ఎనిమిదయ్యాయి. ఆ పతనం రోజు ముగింపు ధరకు కొన్నవారికి టెక్ మహీంద్రా షేరు సుమారు 85 రూపాయలకు పడింది.

రొయ్య మేత, మందుల ముడిసరుకు
మన చెరువులకు మేత అమ్మే అవంతి ఫీడ్స్ పది రూపాయల ముఖవిలువ గల షేరు ఒక్కటి 2015, 2018 విభజనలు, బోనస్‌తో 15 అయింది. మందుల ముడిసరుకు తయారుచేసే, 2003లో మార్కెట్‌కొచ్చిన దివీస్ ల్యాబ్స్ షేరు ఒక్కటి అలాగే 20 అయింది. రెండూ తెలుగువారి కంపెనీలే.

ఈ జాబితా చెప్పేది ఒక్కటే: బ్యాంకులో డిపాజిట్ వేయడం వేరు, బ్యాంకు షేరు కొనడం వేరు. బ్యాంకు చితికితే ముందు కాపాడేది డిపాజిటరును, షేరుదారుది చివరి వరస. బీరువాలో పాత ఆంధ్రా బ్యాంకు షేరు పత్రాలుంటే తీసి చూడండి. ఏడేళ్లు తీసుకోని డివిడెండ్ కేంద్రం నిర్వహించే మదుపరుల రక్షణ నిధికి వెళ్తుంది. దరఖాస్తు చేసుకుంటే అది తిరిగి వస్తుంది. మీ పెద్దలు కూడబెట్టిన సొమ్మును వదులుకోకండి.