నక్కిలీసు గొలుసు

పలాస పేరు వినగానే జీడిపప్పు జ్ఞప్తికి వచ్చుట సహజము. 2020 మార్చిలో ‘పలాస 1978’ చిత్రము విడుదలైన పిదప, ఆ పేరుతో పాటు ఒక పాట కూడ వినవచ్చుచున్నది. అదే ‘నక్కిలీసు గొలుసు’.

కరుణకుమార్ దర్శకత్వమున వెలువడిన ఈ చిత్రము పలాసలోని జానపద కళాకారులైన అన్నదమ్ముల కథ. రఘు కుంచె సంగీతము కూర్చి, ఈ పాటను స్వయముగా పాడినారు. దృశ్యముతో కూడి యూట్యూబులో కోట్ల పర్యాయములు ప్రదర్శితమైనది.

ఇంతకూ దీని కర్త ఎవరు? ఒక్కరి పేరు చెప్పలేము. ఇది ఉత్తరాంధ్ర జానపదము. ఆంగ్లమువారి ‘నెక్లెస్’ పల్లె నోట ‘నక్కిలీసు’ అయినది. జానపదము పాతబడిన వస్తువు కాదనీ, కొత్త మాటలను తనలో కలుపుకొని పెరుగుచుండుననీ ఈ ఒక్క పదమే చాటుచున్నది.

అయితే ఒక ప్రమాదము కలదు. నోటిపాటలో చరణములు పాడువారిని బట్టి మారుచుండును. రికార్డు ఒక్క రూపమునే నిలుపును. అదియే అసలైనదని పిల్లలు నమ్మినచో తక్కినవి మరుగున పడును. కనుక టెక్కలిలోనో, ఉద్దానపు జీడితోటలలోనో ఒక అవ్వ దీనిని వేరొక తీరున పాడినచో తప్పని దిద్దకుడు. ఆ చరణములను వ్రాసి ఉంచుడు. చేతిలోని ఫోనున పదిలపరచుడు. చిత్రమునకు ఈ పాట అట్టివారి నోటి నుండియే గదా వచ్చినది!