ఆదివారం రుబ్బిన పిండి

జూన్‌లో పిల్లల ఫీజుకు అప్పు చేసినప్పుడు మేము ఇంటి లెక్క వ్రాసి చూసుకున్నాము. హోటలు ఇడ్లీ ప్లేటు 40 రూపాయలు. నలుగురికి ఐదు రోజులకు 800! అరకిలో మినప్పప్పు, కిలో ఇడ్లీ రవ్వ తెస్తే వారమంతా సరిపోయాయి. చట్నీతో కలిపినా అందులో సగం కాలేదు.

ఆదివారం ఆరాధనకు బయలుదేరేముందు పప్పు నానబోసి, తిరిగి వచ్చాక రుబ్బుతాము. పులియకముందే ఫ్రిజ్‌లో పెట్టి, ఏ రాత్రికారాత్రి మరునాటికి కావలసినంతే బయటికి తీసి ఉప్పు కలుపుతాము. మొదటివారం అంతా బయటే ఉంచి, ఆ ఎండలకు బుధవారమే పారబోశాము. రుబ్బినది మేమే గనుక ఎవరినీ అనలేకపోయాము! గురు, శుక్రవారాలకు కాస్త పులుపెక్కిన పిండితో దిబ్బరొట్టె వేస్తే పిల్లలు మారుమాట్లాడరు.

ఆ అప్పు క్రిస్మస్‌కు ముందే తీర్చాము.