ఆకర్షణ, వికర్షణ: సృష్టిలోని సమతూకం

ప్రతి వస్తువుకూ తగిన పరిమాణాన్ని నిర్ణయించిన అల్లాహ్‌కే స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతీ శుభాలూ కురియుగాక!

ధార్మిక సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా ఆకాశాన్ని ప్రస్తావించిన చోటే ‘మీజాన్’ను, అంటే త్రాసును, సమతూకాన్ని కూడా ప్రస్తావిస్తుంది. ఆ సమతూకాన్ని గురించి యోచించేవారికి ఒక్క పరమాణువు చాలు.

పదార్థంపై పనిచేసే మౌలిక బలాలు నాలుగని భౌతికశాస్త్రం చెబుతోంది. గురుత్వాకర్షణ వస్తువులను దగ్గరకు లాగుతుంది, నెట్టివేయడం ఎరుగదు. విద్యుదయస్కాంత బలం విజాతి ఆవేశాలను కలుపుతుంది, సజాతి ఆవేశాలను విడదీస్తుంది. బలహీన కేంద్రక బలం ఒక కణాన్ని మరొక కణంగా మారుస్తుంది; సూర్యునిలో హైడ్రోజన్ హీలియంగా మారడం దానితోనే మొదలవుతుంది. నాలుగవది ప్రబల కేంద్రక బలం.

పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్లన్నీ ధనావేశం గలవే. రెండు ప్రోటాన్ల నడుమ ఉండే విద్యుత్ వికర్షణ, వాటి గురుత్వాకర్షణ కంటే దాదాపు 1 పక్కన 36 సున్నాలు చేర్చినన్ని రెట్లు అధికం. అయినా అవి చెదిరిపోవు. ప్రబల బలం వాటిని బంధించి ఉంచుతుంది. కాని దాని పరిధి ఎంతని? మిల్లీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో రెండు మూడు భాగాలంత! కణాలు పక్కపక్కన ఉంటేనే దాని పట్టు. మరీ చేరువైతే అదే బలం వికర్షణగా మారి, కణాలు ఒకదానిలో ఒకటి కూరుకుపోకుండా ఆపుతుంది. విద్యుత్ వికర్షణ మాత్రం దూరం నుంచి కూడా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే 92 ప్రోటాన్లు గల యురేనియం వంటి పెద్ద కేంద్రకాలు కాలక్రమంలో విచ్ఛిన్నమవుతాయి.

సోదరులారా! కణాలకు మనసు లేదు. ఇది పోలిక మాత్రమే. అయినా ఇందులో మనకు గుణపాఠం ఉంది. ఆస్తి పంపకాలనాడు అన్నదమ్ములు అనుకున్న పరుషమైన మాట ఎంత దూరాన ఉన్నా గుచ్చుతూనే ఉంటుంది. ఆప్యాయతకు మాత్రం రాకపోకలు కావాలి, పలకరింపు కావాలి. బంధుత్వాన్ని తెంచుకోవద్దని మన ధర్మం ఆదేశించింది. కనుక నేడు నమాజు ముగిశాక, మాటలు ఆగిపోయిన ఒక్క బంధువు గడపైనా తొక్కుదాం. మనమే ముందుగా సలాం చేద్దాం. చేరువలోనూ ఒకరి హక్కులోకి ఒకరు చొరబడకుండా హద్దు పాటిద్దాం.

అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! ఆమీన్.