ముంతలో నున్నదేమి? - కూకట్‌పల్లి కల్లు ఉదంతము

2025వ సంవత్సరము జూలై మాసమున హైదరాబాదు నగరములోని కూకట్‌పల్లి ప్రాంతమందు కల్లు త్రాగిన పలువురు ఒక్కసారిగా జబ్బుపడి ఆసుపత్రులలో చేరిరి. కొందరికి వాంతులు, విరేచనములు కలిగినవి. కొందరికి రక్తపు పోటు పడిపోయినది. కొందరికి మూత్రపిండములు పనిచేయుట మానగా, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డయాలిసిస్ అను రక్తశుద్ధి చికిత్స చేయవలసి వచ్చినది. వైద్యులు ఎంత శ్రమించినను కొన్ని ప్రాణములు దక్కలేదు. ఎక్సైజు అధికారులు ఆ కల్లు దుకాణములను మూసివేసి, నమూనాలను పరీక్షింపజేయగా వానిలో అల్ప్రాజోలం అను మందు కలిసియున్నట్లు తేలినది.

వీరెవరును చాటుమాటున నాటుసారా త్రాగినవారు కారు. పట్టపగలు, పదిమంది నడుమ, బహిరంగముగ నడచు దుకాణములలో కూర్చుండి త్రాగినవారు. కల్లు చలువ చేయుననియు, బ్రాందీ, విస్కీల వలె కాలేయమును తినివేయదనియు, మన జనులలో గట్టి నమ్మకము కలదు. "ఏదో కొంచెము త్రాగుదును గాని ఆరోగ్యము చూచుకొనుచునే త్రాగుదును" అనెడివారు కల్లునే కోరుకొనుట తరచుగా చూచుచున్నాము. అట్టివారు మొదట తెలిసికొనవలసినది రెండు సంగతులు: ముంతలో నున్నదేమి? అది ఎంత యున్నది? కూకట్‌పల్లిలో త్రాగినవారికి ఈ రెండును తెలియు మార్గమే లేకపోయినది.

చెట్టునుండి దిగిన కల్లు స్వభావమును ముందుగా చూతము. తాటిగెలను గాని, ఈతచెట్టు మెడను గాని గీసినప్పుడు స్రవించు రసము తియ్యనిది. అందు నూటికి పది పండ్రెండు పాళ్ళ వరకు చక్కెర యుండును. తెల్లవారకమునుపే దింపి, చల్లగా నుంచినచో అది నీరా. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట కొంత ఆగును. సున్నము లేని లొట్టిలో, గాలిలోను, పాతకల్లు మడ్డిలోను నుండు ఈస్టు అను సూక్ష్మజీవులు గంటల వ్యవధిలో ఆ చక్కెరను ఆల్కహాలుగ మార్చును. సాయంకాలమునకు నూటికి నాలుగైదు పాళ్ళ ఆల్కహాలు చేరును. మరునాటికి పులుపెక్కి కాడి దారి పట్టును. కావున కల్లు ఏనాటిది ఆనాడే త్రాగవలసిన వస్తువు. గీత కార్మికుడు మోకు వేసికొని రోజుకు ఎన్ని చెట్లెక్కగలడో, అన్ని చెట్ల కల్లు మాత్రమే ఊరికి దక్కును. ఏ చెట్టు ఎంత ఇచ్చునో గీసెడివానికి తెలియును, త్రాగెడివానికిని తెలియును. పల్లెలో ఈ లెక్కయే ఒక విధమైన కాపుదల.

నగరములో ఆ లెక్క చెల్లదు. కూకట్‌పల్లి ఒకప్పుడు పల్లెయే. హౌసింగు బోర్డు వారి కాలనీ వచ్చిన పిదపను, 1998లో సమీపమున హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ వెలసిన పిదపను, అచ్చట మేడలు లేచినవి, చెట్లు పోయినవి. మేడలు కట్టు మేస్త్రీలు, కూలీలు, కంపెనీ కార్లు నడుపు డ్రైవర్లు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు అనేకులు మన జిల్లాల పల్లెలనుండి పోయి అచ్చట బ్రతుకుచున్నవారే. ఊరి అలవాటును వెంట తీసికొనిపోయిరి గాని ఊరి తాటివనమును తీసికొనిపోలేరు గదా! హైదరాబాదు నగరములో 2004లో మూతపడిన కల్లు దుకాణములు 2014లో తిరిగి తెరవబడినవి. గిరాకీ పెరిగినది. కల్లు మాత్రము దూరపు చెట్లనుండి, ఎండలో, బండ్లపై రావలసినదే. దొరకిన కొద్దిపాటి కల్లులో నీరు పోసినచో పరిమాణము పెరుగును గాని మత్తు తగ్గును. తగ్గిన మత్తును నింపుటకు మందు, పోయిన తీపిని నింపుటకు శాకరిన్. "మందు కల్లు" అని జనులు పిలిచెడి సరకు ఇట్లు పుట్టినది. లోగడ క్లోరల్ హైడ్రేటు, డయజిపాం కలిపెడివారు. ఇటీవల అల్ప్రాజోలం ఎక్కువైనది.

అల్ప్రాజోలం విషమని తయారైనది కాదు. తీవ్రమైన ఆందోళన గలవారికి డాక్టర్లు వ్రాసి యిచ్చు మందు. సాధారణముగ ఒక మాత్రలో పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉండును. ఈ కొలతను పాఠకులు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. అర మిల్లీగ్రాము వంతున లెక్కించినచో ఒక్క గ్రాము పొడితో 2,000 మాత్రలు, ఒక్క కిలోతో 20 లక్షల మాత్రలు చేయవచ్చును. అట్టి పొడిని త్రాసు లేక, చేతికి వచ్చినంత డ్రమ్ములో వేసి కఱ్ఱతో కలిపినచో అది అంతటను సమముగ కలియునా? ఒకని సీసాలో చిటికెడు, మరొకని సీసాలో గుప్పెడు పడును. ఒకే దుకాణములో త్రాగిన ఇరువురిలో ఒకడు నడచి ఇంటికి పోగా మరొకడు ఆసుపత్రికి పోవుటకు ఇది యొక కారణము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద ఈ మందు అదుపులో నున్నది. అయినను 2025 సెప్టెంబరులో సికింద్రాబాదు బోయినపల్లిలో ఒక పాఠశాల భవనమునందే అల్ప్రాజోలమును రహస్యముగ తయారుచేయుచుండగా పోలీసులు పట్టుకొనిరి. ఆ సరకు మహబూబ్‌నగర్ ప్రాంతపు కల్లు డిపోలకు పోవుచుండెనని వెల్లడియైనది. క్రింది తరగతులలో పిల్లలు, పై అంతస్తులో మత్తుమందు! నగరపు బెడద పల్లెకును ప్రాకినదని చెప్పుటకు వేరు సాక్ష్యమేల?

ఆల్కహాలు మెదడు పనిని మందగింపజేయును. అల్ప్రాజోలమును అదే పని చేయును. రెండును కలిసినచో మత్తు రెట్టింపగుటయే కాక ఊపిరి తీయవలెనన్న ఆజ్ఞయే మెదడునుండి సన్నగిల్లును. రక్తపు పోటు పడిపోవును. వాంతులు, విరేచనములు కూడ తోడైనప్పుడు ఒంటిలోని నీరు పోయి, మూత్రపిండములకు చాలినంత రక్తము అందదు. అవి వడగట్టు పని మానును. రుచి చూచియో, వాసన చూచియో, నురుగు చూచియో ఈ మందును కనిపెట్టగలమని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. ప్రయోగశాలలో తప్ప అది బయటపడదు. ఒక్క అనుమానమునకు మాత్రము తావు కలదు: చెట్లు లేనిచోట, ఋతువు కాని ఋతువులో, ఎప్పుడు పోయినను కావలసినంత దొరకు కల్లు ఏ చెట్టునుండి వచ్చినది?

కల్లు త్రాగినవాడు పిలిచినను పలుకక పడియున్నచో "మత్తు దిగిన లేచునులే" అని వదలి పోవుట పెద్ద పొరపాటు. వానిని ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. వెల్లకిల పరుండబెట్టినచో వాంతి గొంతుకు అడ్డుపడి ప్రాణము పోవచ్చును. తెలివి లేనివాని నోట మజ్జిగ, నిమ్మరసము, ఉప్పునీరు పోయరాదు. వేలు పెట్టి కక్కింపరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. మిగిలిన కల్లు ఉన్నచో సీసాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోయిన మేలు.

ఇక కల్లును వదలి సీసా పట్టుదమనువారి సంగతి. ముద్ర వేసిన సీసాలో ఏమి యున్నదో చీటిపై వ్రాసియుండును. ఎంత యున్నదో మాత్రము లెక్క వేసికొనువారు అరుదు. మన దేశపు విస్కీ, బ్రాందీలలో సామాన్యముగ నూటికి 42.8 పాళ్ళ ఆల్కహాలు. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో, నూటికి 5 పాళ్ళదైనచో 25 గ్రాములు, 8 పాళ్ళ స్ట్రాంగు బీరైనచో 40 గ్రాములు. అనగా "బీరే గదా" అని త్రాగిన ఒక్క స్ట్రాంగు సీసా నాలుగు పెగ్గులకు సమానము. ఒక్క పూటలో 60 గ్రాములు లేక అంతకు మించి త్రాగుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ అతి త్రాగుడుగ లెక్కించుచున్నది. మనవారు మితమని భావించు క్వార్టరు సరిగా ఆ గీటుపైననే నిలిచినది.

కాలేయము గంటకు ఏడెనిమిది గ్రాములు మాత్రమే దహింపగలదు. దానిని తొందరపెట్టు ఔషధము ఏదియు లేదు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ళ స్నానము మనస్సునకు ఊరట కలిగించవచ్చును గాని రక్తములోని ఆల్కహాలును తగ్గింపవు. రాత్రి పది గంటలకు క్వార్టరు ముగించిన డ్రైవరు తెల్లవారి అయిదు గంటలకు కారెక్కినప్పుడు ఇంకను కొంత మిగిలియే యుండును. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించినచో మోటారు వాహనముల చట్టము క్రింద నేరము. మొదటి తప్పునకే ఆరు మాసముల వరకు జైలో, 10,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో పడవచ్చును. ఖాళీ కడుపుతో త్రాగరాదనుట నిజమే. అన్నము తిన్నవానికి ఆల్కహాలు నిదానముగ ఎక్కును. కాని ఎక్కవలసినది ఎక్కకమానదు.

మితముగ త్రాగిన గుండెకు మంచిదని ఒకప్పుడు అనుకొనెడివారు. ఆ మాటకు ఇప్పుడు బలము తగ్గినది. ఆల్కహాలు క్యాన్సరును కలుగజేయునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ధారించినది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము ఆ జాబితాలోనివి. ఇంత త్రాగిన అపాయము లేదని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. కావున తగ్గించినకొలది మేలు, మానిన ఇంకను మేలు. కాలేయమునకు క్రొవ్వు పట్టిన తొలిదశలోనే మానినవారికి కొన్ని వారములలో అది చాలవరకు బాగుపడును. గట్టిపడి కుంచించుకొనిపోయిన పిదప వెనుకకు మరలుట దుస్సాధ్యము. గర్భిణులును, కామెర్లు వచ్చినవారును, క్షయకు మందు తినువారును, ఇన్సులిను తీసికొను మధుమేహ రోగులును, నిద్రమాత్రలు వాడువారును ఒక్క చుక్కయు ముట్టరాదు.

అయితే ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు ఇది చదివి రేపటినుండి ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే. ఈ సంగతి పలువురికి తెలియదు. తెలియక బాధపడిన కుటుంబములు చాల కలవు. 2015లో ప్రభుత్వము కల్తీ కల్లుపై గట్టి చర్య తీసికొన్నప్పుడు నిజామాబాదు మున్నగు జిల్లాలలో మందు కల్లుకు అలవడినవారు మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చిరి. 2020 మార్చిలో కరోనా వలన దుకాణములు మూతపడినప్పుడు హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారే గుంపులుగ వచ్చిరి. త్రాగుడు ఆగిన కొన్ని గంటలకు చేతులు వణకును, చెమట పట్టును, నిద్ర పట్టదు. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు లేని మనుష్యులు కనిపించుట, లేని మాటలు వినిపించుట కలుగవచ్చును. పల్లెలో దీనిని గాలి సోకినదనియో, చేతబడి యనియో అనుకొని భూతవైద్యుని పిలిచినచో విలువైన కాలము పోవును. ఇది వైద్యముతో కుదురు జబ్బు. డాక్టరు మందును మొదట తగినంత ఇచ్చి, దినదినము తగ్గించుకొనుచు వచ్చును. దానితోపాటు బి1 విటమిను ఇచ్చును.

త్రాగుడు మానదలచినవారికి సలహా నిచ్చుటకు 14446 అను ఉచిత టెలిఫోను కలదు. మనోవ్యాధులకై టెలి మానస్ వారి నంబరు 14416. ఆసుపత్రికి పోవునప్పుడు ఇంటివారిలో ఒకరు తోడుపోవుట మంచిది. రోజుకు ఎంత త్రాగెడివాడు, కల్లా సారాయియా, ఆఖరుసారి త్రాగినది ఎప్పుడు అని డాక్టరు మొట్టమొదట అడుగును. సిగ్గుపడి ఆ లెక్క తగ్గించి చెప్పినచో ఇచ్చు మందు చాలక రాత్రికి మూర్ఛ రావచ్చును. అది మందు కల్లని అనుమానమున్నచో అదియును అప్పుడే చెప్పవలెను.