మాటలతో కట్టిన నేలమాళిగ

చదరంగంలో అదృష్టానికి తావు లేదు. వైకుంఠపాళిలో బుద్ధికి తావు లేదు. బుద్ధీ అదృష్టమూ చెరిసగం పాలుపంచుకునే ఆటలు లోకంలో అనేకం ఉన్నవి. అయితే వాటన్నిటిలోనూ ఆడేవాడు పావును కదిపేవాడే కాని, తానే పావై నడిచేవాడు కాడు. ఆడేవాడే ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర నోట తానే మాటలాడుతూ, ఆ మాటల వల్లనే కథను ముందుకు నడిపించే విచిత్రమైన వినోదం ఒకటి 1974లో అమెరికాలో అచ్చు రూపం ధరించి వెలువడింది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. నేలమాళిగలూ, నిప్పులు కక్కే రెక్కల మహాసర్పాలూ అని దాని అర్థం. ఈ జాతి ఆటలను మనం పాత్రధారణ క్రీడలు అనవచ్చును.

ప్రసార వృత్తిలో ఉన్న మాకు ఈ ఆట మీద ఆసక్తి కలగడానికి రెండు కారణాలున్నవి. మొదటిది, దీనికి రంగస్థలం లేదు, తెర లేదు, దుస్తులు లేవు. ఉన్నదంతా కంఠస్వరమూ, వినేవారి ఊహాశక్తీ మాత్రమే. రేడియో నాటకానికి ఇంతకంటె దగ్గరి చుట్టం మరొకటి మాకు కనబడలేదు. రెండవది, వీరగాథల కోసం ఉద్దేశించిన ఈ ఆట ఎక్కడ ఆడినా చివరకు హాస్యగాథగా మారుతూ ఉంటుంది. రాక్షసుని వధించడానికి బయలుదేరిన నలుగురు మిత్రులు సగం దారిలోనే పొట్టలు పట్టుకుని నవ్వుతూ ఉంటారు. దీనికి కారణమేమి?

ముందుగా ఈ ఆట పుట్టుకను గూర్చి కొంచెం తెలుసుకోవాలి. దీని పూర్వీకులు యుద్ధక్రీడలు. 1824లో ప్రష్యా సైన్యంలో ఫాన్ రైస్విట్జ్ అనే అధికారి, పటం మీద దళాలను నడుపుతూ, పాచికలతో ఫలితం తేలుస్తూ, తగవు తీర్చడానికి ఒక మధ్యవర్తిని నియమించుకునే శిక్షణ క్రీడను సిద్ధపరచాడు. 1913లో ఆంగ్ల నవలాకారుడు హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు వ్రాసి పుస్తకంగా ప్రకటించాడు. ఆ తరువాత అమెరికాలో ఇటువంటి యుద్ధక్రీడలు ఆడే సంఘాలు అనేకం ఏర్పడినవి.

1969లో మినిసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఒక కొత్త ప్రయోగం చేశాడు. 'బ్రౌన్‌స్టైన్' అనే కల్పిత ప్రష్యన్ పట్టణం వైపు రెండు సైన్యాలు వస్తున్నవి. వెస్లీ సైన్యాలను మాత్రమే కాక, పట్టణ ప్రముఖులను కూడా ఆటగాళ్ళకు పంచి ఇచ్చాడు. ఒకడు నగరాధ్యక్షుడు, ఒకడు బ్యాంకు యజమాని, ఒకడు విశ్వవిద్యాలయాధిపతి. యుద్ధం మొదలయ్యేలోపల కొంత రాజకీయం నడుస్తుందని ఆయన ఊహ. కాని జరిగింది వేరు. ఆటగాళ్ళు తమ పాత్రలలో లీనమై, గుసగుసలాడుకుంటూ, కుట్రలు పన్నుకుంటూ, చివరకు ద్వంద్వయుద్ధానికి కూడా దిగారు. ద్వంద్వయుద్ధానికి నియమాలు లేవు. వెస్లీ అప్పటికప్పుడు పాచికలు వేయించి ఫలితం చెప్పవలసివచ్చింది. అసలు యుద్ధం జరగనే లేదు. తన ప్రయోగం విఫలమైనదని వెస్లీ అనుకుంటూ ఉంటే, మిత్రులు మాత్రం మళ్ళీ ఎప్పుడు ఆడదామని అడిగారు. ఈ క్రీడాజాతికి బీజం ఈ గందరగోళంలోనే పడింది.

ఆ మిత్రులలో ఒకరైన డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో 'బ్లాక్‌మూర్' అనే కల్పిత రాజ్యాన్ని సృష్టించి, కోట కింది నేలమాళిగలలోకి మిత్రులను పంపనారంభించాడు. ఒక రోజు ఆటలో సంపాదించిన అనుభవం పాత్రకు మరునాటి ఆటలో బలంగా నిలిచేటట్లు ఏర్పాటు చేశాడు. 1972 చివరలో ఆయన విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణానికి వెళ్ళి గారీ గైగాక్స్‌కు ఈ ఆట చూపించాడు. గైగాక్స్ మధ్యయుగ యుద్ధక్రీడకు నియమావళి వ్రాసినవాడు. భీమా ఉద్యోగం పోయిన తరువాత ఇంటివద్ద చెప్పులు బాగుచేసి కుటుంబాన్ని పోషించుకున్నవాడు. ఇద్దరి కృషి కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో, 10 డాలర్ల వెలతో వెలువడింది. మొదట అచ్చయినవి 1000 ప్రతులు మాత్రమే. వాటిని పెట్టెలలో సర్దినది కూడా ఇంట్లో కూర్చునే.

ఇక ఆట పద్ధతి. ఒకరు నిర్వాహకులు. లోకాన్ని వర్ణించడం, అందులోని రాజులు, రాక్షసులు, పూటకూళ్ళ యజమానులు మొదలైనవారందరి తరపున మాటలాడడం వారి పని. తక్కిన ముగ్గురో నలుగురో ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు పూజారి, ఒకరు దొంగ. మొదటి పుస్తకాలలో దొంగకు స్థానం లేదు. 1975లో వచ్చిన అనుబంధంలో అతడు ప్రవేశించాడు.

ప్రతి పాత్రకూ బలం, చురుకుదనం, దేహదార్ఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు ఉంటవి. తొలినాటి పద్ధతిలో ఒక్కొక్క గుణానికి మూడు పాచికలు వేసి, వచ్చిన అంకెలు కూడుతారు. ఫలితం 3 నుండి 18 దాకా ఉండవచ్చు. నిండు 18 రావడానికి 216 విధాలలో ఒక్కటే విధం. 3 రావడానికీ అంతే. కనుక మహావీరుడు దొరకడం ఎంత అరుదో, పరమ మూఢుడు దొరకడమూ అంతే అరుదు. ఎక్కువమందికి దక్కేది మధ్యరకం మనిషే.

పాత్ర ఏదైనా సందేహాస్పదమైన పని తలపెట్టినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. హాస్యం పుట్టే చోటు ఇదే గనుక, ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. ఒక తలుపును పగులగొట్టాలి. అందుకు 15 రావాలని నిర్వాహకుడు నిర్ణయించాడు. బలశాలి అయిన యోధునికి మూడు కలుపుకునే హక్కు ఉన్నది. బలహీనుడైన మాంత్రికుడు ఒకటి తీసివేసుకోవాలి. అంటే యోధుడు పాచిక మీద 12 గాని, అంతకు మించి గాని వేయాలి. అది నూటికి 45 సార్లు జరుగుతుంది. మాంత్రికుడు 16 గాని, అంతకు మించి గాని వేయాలి. అది నూటికి 25 సార్లు. ఇప్పుడు యోధుడు రొమ్ము విరుచుకుని భుజంతో ఢీకొని వెనక్కు పడడమూ, తరువాత మాంత్రికుడు దగ్గుతూ వచ్చి చేయి ఆనించగానే తలుపు ఊడిపోవడమూ ఎన్నిసార్లు జరుగుతవి? ఇంచుమించుగా ఏడింట ఒకసారి. అంటే వేషానికీ ఫలితానికీ పొత్తు కుదరని ఘట్టం ఒక్క సాయంత్రంలోనే రెండు మూడు సార్లు తప్పక వస్తుంది.

స్నేహితులు పెరిగిన కొద్దీ ఈ లెక్క మరింత విడ్డూరంగా ఉంటుంది. నిద్రపోతున్న కాపలావాని పక్కనుండి చప్పుడు లేకుండా జారుకోవాలి. ఒక్కొక్కరికి 8 వస్తే చాలును. ఒంటరిగా వెళ్ళేవాడు నూటికి 65 సార్లు గట్టెక్కుతాడు. కాని నలుగురూ వరుసగా గట్టెక్కవలసి వస్తే ఆ అవకాశం నూటికి 18కి పడిపోతుంది. అందుచేత 'మెల్లగా జారుకుందాం' అనే పన్నాగం ఈ ఆటలో సాధారణంగా పెద్ద చప్పుడుతో ముగుస్తుంది.

అటువంటి ఘట్టాన్ని ఒకదానిని ఊహించి చూద్దాం.

దొంగ అడుగు చప్పుడు లేకుండా దాటాడు. మాంత్రికుడూ దాటాడు. పూజారీ దాటాడు. ఇనుప కవచం తొడిగిన యోధుడు పాచిక వేస్తే ఒకటి పడింది. నిర్వాహకుడు గంభీరంగా, 'తమరి డాలు మెట్ల మీదుగా ఒక్కొక్క మెట్టే మోగుకుంటూ కిందికి వెళ్ళుతున్నది. మొత్తం నలభై మెట్లు' అన్నాడు.

కాపలావాడు లేచి ఈటె ఎత్తి, 'ఎవరు మీరు?' అని గద్దించాడు.

కత్తి దూయడానికి బదులు దొంగ వినయంగా, 'అయ్యా, కోట పొగగొట్టాలు దులపడానికి వచ్చినవాళ్ళం' అన్నాడు.

పాచిక వేశాడు. 20 పడింది! అంతకు మించిన ఫలితం లేదు. నిర్వాహకుడు ఒక్క క్షణం ఆలోచించి, కాపలావాని గొంతుతో, 'వచ్చారా నాయనా! రెండు నెలలనుండి మీకోసమే ఎదురుచూస్తున్నాం. పొగతో చచ్చిపోతున్నాం. ఇవిగో చీపుళ్ళు. మొత్తం ముప్పయ్యారు గొట్టాలు' అన్నాడు.

రాజకుమారిని విడిపించడానికి వచ్చిన వీరులు ఆ రాత్రంతా పొగగొట్టాలు దులుపుతూ గడిపారు. అబద్ధం అంత చక్కగా పారింది మరి! ఈ కథను ఎవరూ ముందుగా వ్రాయలేదు. నిర్వాహకుడు అనుకున్నది పోరాటం. యోధుడు అనుకున్నది నిశ్శబ్దం. దొంగ అనుకున్నది తప్పించుకోవడం. మూడూ జరగలేదు. నాలుగవది జరిగింది. దానిలో నలుగురి పాలూ ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ నవ్వుకు ఆధారం నియమపాలన. పాచిక ఎవరి ముఖమూ చూడదు. నిర్వాహకుడు యోధుని మీద జాలిపడి ఆ ఒకటిని దాచిపెట్టి ఉంటే డాలు మోగేది కాదు, చీపుళ్ళూ వచ్చేవి కావు. కొందరు నిర్వాహకులు అట్ట చాటున పాచిక వేసి, మిత్రులకు కష్టం కలుగకుండా అంకెలు మార్చడం కద్దు. దయతోనే చేసినా అది ఆటకు మేలు చేయదని మా అభిప్రాయం. ఓడిపోవడానికి వీలున్నప్పుడే సాహసానికి విలువ. ఓటమిని నలుగురూ పంచుకున్నప్పుడే అది హాస్యమవుతుంది.

అయితే రెండవ నియమం ఒకటి పుస్తకాలకు వెలుపల ఉన్నది. నవ్వు పాత్ర మీద పడాలి కాని, పాత్రధారి మీద పడరాదు. మాటలు తడుముకునే మిత్రుడు కూడా ఈ ఆటలో వాచాలుడైన దొంగ వేషం వేయవచ్చును. తడబడినప్పుడు తడబడినది దొంగ అని అందరూ అనుకోవాలి. ఆ మరుగు తొలగించి మనిషినే ఎగతాళి చేస్తే, అతడు మరునాడు ఆటకు రాడు. సిగ్గరులకు ఈ వేషం ఒక ఆశ్రయం. దానిని కాపాడే బాధ్యత నిర్వాహకునికి ఎంత ఉన్నదో, తోటివారికీ అంతే ఉన్నది.

హాస్యమే ప్రధానంగా ఉద్దేశించిన ఆటలు కూడా వెంటనే బయలుదేరినవి. 1975లోనే కెన్ సెయింట్ ఆండ్రె 'టనల్స్ అండ్ ట్రోల్స్' అనే ఆటను ప్రకటించాడు. అందులోని మంత్రాలకు గంభీర నామాలు లేవు, చిలిపి పేర్లే. 1984లో వచ్చిన 'పారనోయా'లో ఒక్కొక్కరికి ఆరు ప్రతిరూపాలు ఇస్తారు. ఒకటి చస్తే మరొకటి హాజరు. అదే సంవత్సరం వచ్చిన 'టూన్'లో చావే లేదు. దెబ్బతిన్న పాత్ర మూడు నిమిషాలు పక్కన కూర్చుని తిరిగి లేస్తుంది.

ఇంత అమాయకమైన వినోదానికి కూడా గడ్డు రోజులు వచ్చినవి. 1979లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి కనబడకుండా పోగా, దానికి ఈ ఆటే కారణమని పత్రికలు ఊహించి వ్రాసినవి. అతడు సజీవంగానే దొరికాడు. కారణాలు వేరని తేలింది. అయినా 1980 దశాబ్దమంతటా ఈ ఆట పిల్లలను క్షుద్రవిద్యలకు, ఆత్మహత్యలకు పురికొల్పుతున్నదని పెద్ద ఆందోళన సాగింది. కొన్ని పాఠశాలలలో నిషేధించారు కూడా. పరిశోధకులు విచారించగా అటువంటి కార్యకారణ సంబంధమేదీ రుజువు కాలేదు. పిల్లలు మూసిన గదిలో తమకు అర్థం కాని భాషలో నవ్వుకుంటున్నప్పుడు పెద్దలకు భయం కలగడం సహజమే. కాని ఒక్కసారి వారి పక్కన కూర్చుని విని ఉంటే, ఆ భయం చాలావరకు తీరేది.

వినడం అన్న మాట వచ్చింది గనుక ఇటీవలి చరిత్రను కూడా చెప్పుకోవాలి. ఇతరులు ఆడుతూ ఉండగా వినడమే ఒక వినోదమైనది. జపానులో 1986లో ఒక పత్రిక ఈ ఆట సంభాషణలనే ధారావాహికగా ప్రచురించగా, వాటినుండి 'రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్' అనే నవలలు పుట్టినవి. 2014లో అమెరికాలో ఒక తండ్రీ, ముగ్గురు కుమారులూ తమ ఆటను శబ్దరూపంగా వినిపించనారంభించారు. దాని పేరు 'ది అడ్వెంచర్ జోన్'. పరిహాసంగా మొదలైన ఆ కథ పోను పోను శ్రోతలచేత కంటతడి పెట్టించింది. 2015లో కొందరు డబ్బింగు కళాకారులు 'క్రిటికల్ రోల్' పేరిట తమ ఆటను అంతర్జాలంలో ప్రసారం చేయసాగారు. 2019లో ఆ కథను బొమ్మల చిత్రంగా తీయడానికి వారు ఏడున్నర లక్షల డాలర్లు కోరగా, 88 వేల మందికి పైగా అభిమానులు 1 కోటి 10 లక్షల డాలర్లకు మించి సమర్పించారు.

గంటల తరబడి సాగే సంభాషణను, దృశ్య వైభవమేమీ లేకుండా, ఇంతమంది వింటున్నారంటే, మాటకు ఇంకా బలం తగ్గలేదన్నమాట. శబ్దాన్ని నమ్ముకుని బ్రతికే మావంటివారికి ఇది చిన్న ఊరట కాదు.

ఈ ఆటకు కావలసినవి కొన్ని పాచికలు, కాగితం, పెన్సిలు, తీరిక ఉన్న నలుగురు మనుషులు. మాటే పనిముట్టు గనుక ఏ భాషలో ఆడితే ఆ భాషలోని నుడికారమూ, సామెతలూ, వెటకారమూ దానికి అక్కరకు వస్తవి. ఇందులో గెలిచినవాడంటూ ఎవడూ ఉండడు. తన వంతు వచ్చేదాకా ఇతరుల మాట వినడం, విన్నదానికి తన మాట జోడించడం, పాచిక చెప్పిన తీర్పును నవ్వుతూ అంగీకరించడం - ఈ మూడూ చేతనైనవారికి ఆట వచ్చినట్లే. తక్కిన నియమాలు ఆడుతూ ఉంటే అవే అలవడుతవి.